పెరటి కొండకు తాళం

దూరపు కొండలు నునుపని సామెత. మరి దగ్గర కొండలో? వాటి సంగతి మన పెద్దవాళ్ళు అంతగా పట్టించుకున్నట్టు లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టే, పెరటి కొండ షికారుకు పనికిరాదనుకున్నారేమో! సెలవులొస్తే ఊటీ అంటాం, కొడైకెనాల్ అంటాం. ఊరి చివరి కొండ మాత్రం కార్తీకమాసంలో వనభోజనాలప్పుడు తప్ప గుర్తుకు రాదు. ఎందుకు గుర్తురావాలి? రోజూ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంటుంది. ఎక్కడికీ పోదు. ఎవరూ ఎత్తుకుపోరు.

ఎవరూ ఎత్తుకుపోరని మనం అనుకుంటాం గాని, కొండల్ని కూడా ఎత్తుకుపోయిన వాళ్ళున్నారు. కొండ ఉన్నచోటే ఉంటుంది. దాని చుట్టూ ఒక కంచె, కంచెకు ఒక బోర్డు, బోర్డు పక్కన కర్ర పట్టుకున్న ఒక కావలివాడు వచ్చి చేరతారు. అంతే, కొండ మాయం! అలా మాయమైన ఒక కొండను తిరిగి తెచ్చుకోవడానికి కొందరు కుర్రవాళ్ళు జైలుకు వెళ్ళారంటే నమ్ముతారా? దేశం కోసం కాదు, కూటి కోసం కాదు. ఆదివారం పూట కాస్త కొండెక్కి గాలి పీల్చుకోవడం కోసం!

ఇది ఇంగ్లండులో జరిగింది. అక్కడ మాంచెస్టర్ అని ఒక ఊరుంది. ఆ పేరు మన అమ్మమ్మలకు కూడా తెలుసు. మన మగ్గాలను మూలకు తోసిన సీమగుడ్డ చాలావరకు ఆ చుట్టుపక్కల మిల్లులలో తయారైందే. ఎటు చూసినా మిల్లు గొట్టాలు, వాటి పొగ. మసి పట్టిన ఇటుక ఇళ్ళు ఒకదానికొకటి అంటుకుని వరసలు వరసలుగా ఉండేవి. ఆ ఊరికి పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో, అటు మాంచెస్టరుకీ ఇటు ఉక్కు కర్మాగారాల షెఫీల్డుకీ నడుమ, కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. ఎత్తు 636 మీటర్లు. మన తిరుమల కొండ కన్నా పొట్టిది! పైన శిఖరమంటూ కూడా ఏమీ లేదు. నల్లటి బురద నేల, తుప్పలు, గాలి, ఓ చిన్న జలపాతం. కానీ వారమంతా మిల్లు రొదలో చెవులు గింగురుమన్న మనిషికి అదే కైలాసం.

ఒకప్పుడు ఆ కొండమీద చుట్టుపక్కల పల్లెవాళ్ళు పశువుల్ని మేపుకునేవారు, వంటచెరుకు తెచ్చుకునేవారు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాల మీద చట్టాలు చేసి, అలాంటి ఉమ్మడి భూములకు హద్దులు వేసి భూస్వాములకు పంచిపెట్టింది. కిండర్ కూడా అలాగే ప్రభువుల చేతికి పోయింది. ప్రభువులు అక్కడ కాపురముంటారా అంటే, ఉండరు. వ్యవసాయం చేస్తారా అంటే, అదీ లేదు. గ్రౌజ్ అని ఒక పిట్ట ఉంది, మన కౌజుపిట్టకు దూరపు చుట్టం. దాన్ని వేటాడ్డానికి ఆగస్టు 12న ముహూర్తం. ఆ తర్వాత ఏడాదికి కొద్దిరోజులు మాత్రం స్నేహితులతో వచ్చి తుపాకులు పేల్చి వెళ్ళిపోతారు. ఆ కొద్దిరోజుల సరదా కోసం మిగతా ఏడాదంతా కొండకు తాళం. మనుషులు నడిస్తే పిట్టలు బెదురుతాయట!

ఆ కాపలా బోర్డుల సంగతి ఒకటి చెప్పాలి. "ఈ స్థలంలో అడుగు పెట్టినవారు శిక్షార్హులు" అన్న ధోరణిలో ఉండేవి. నిజానికి అక్కడి చట్టం ప్రకారం ఒకరి నేలమీద ఊరికే నడిచినంత మాత్రాన అది నేరం కాదు. నష్టం జరిగిందంటూ యజమాని సివిల్ దావా వేసుకోవాలి, అంతే. అందుకే నడకరాయుళ్ళు వాటికి ముద్దుగా "చెక్క అబద్ధాలకోర్లు" అని పేరు పెట్టారు. కానీ అబద్ధమైనా సరే, బోర్డు మీద పెద్దక్షరాలతో రాసి ఉంటే భయపడే జనమే ఎక్కువ కదా! ఆ మాటకొస్తే ఆడవాళ్ళ దారిలో అలాంటి బోర్డులు ఎన్నెన్ని లేవు? ఎవరు రాశారో తెలియదు, ఏ చట్టంలోనూ ఉండదు, అయినా దాటడానికి కాలు రాదు.

ఆ బోర్డుల ముందుకు జనాన్ని తీసుకొచ్చింది ఎవరనుకుంటున్నారు? సైకిలు!

సైకిలు రాకముందు మిల్లు కార్మికుడికి కొండ ఎంత దగ్గరైనా దూరమే. రైలు టిక్కెట్టుకు డబ్బులు కావాలి, రైలు వేళలు చూసుకోవాలి. సైకిలుకు టైముటేబులు లేదు. 1894లో బర్మింగ్‌హామ్‌లో క్లారియన్ సైక్లింగ్ క్లబ్బు పుట్టింది. 'క్లారియన్' అనేది కార్మికుల పక్షాన నిలిచిన ఒక పత్రిక. దాని పాఠకులు కొందరు కలిసి ఆదివారాలు సైకిళ్ళమీద పల్లెలకు పోవడం మొదలుపెట్టారు. దారిపొడవునా పత్రికలు పంచడం, చెట్టుకింద మీటింగు పెట్టడం, టీ తాగి, పాటలు పాడుకుంటూ తిరిగి రావడం. చూస్తూండగానే ఈ క్లబ్బులు ఊరూరా వెలిశాయి.

అందులో ఆడపిల్లలూ ఉన్నారు. మాంచెస్టరులో పాంక్‌హర్‌స్ట్ గారి అమ్మాయిలు క్రిస్టబెల్, సిల్వియా అని అక్కాచెల్లెళ్ళు. తర్వాత ఆడవాళ్ళ వోటు హక్కు కోసం దేశాన్ని దడదడలాడించిన వాళ్ళే! 1890లలో ఇంకా పదహారేళ్ళయినా సరిగా నిండని ప్రాయంలో వాళ్ళు ఈ క్లబ్బుతో సైకిలు తొక్కారు. అక్క సైకిలు మంచిది, చెల్లెలి సైకిలు ఎవరో తెలిసినాయన గ్యాసు గొట్టాలతో చేసిపెట్టినది. మిట్ట వచ్చిందంటే అక్క ముందు పోయేది, చెల్లెలు రొప్పుతూ వెనకబడేది. అక్కాచెల్లెళ్ళున్న ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. తర్వాత రాజకీయాల్లో కూడా వాళ్ళిద్దరి దారులూ వేరయ్యాయి. చెల్లెలు పేదవాళ్ళ వీధుల్లోనే ఉండిపోయింది. గ్యాసు గొట్టాల సైకిలు తొక్కినవాళ్ళకు మిట్ట అంటే ఏమిటో తెలుస్తుంది మరి!

1900లో షెఫీల్డులో ఇదే పత్రిక పేరుమీద నడిచేవాళ్ళ సంఘం కూడా పుట్టింది. సైకిలు మీద కొండ కిందిదాకా పోవడం, అక్కణ్ణుంచి కాలినడక. ఒక తరం గడిచేసరికి ఆదివారం వస్తే వేలమంది కార్మికులు కొండదారి పట్టడం అలవాటైపోయింది. దారి ఎంతవరకు? కంచె వరకు! హేఫీల్డు అనే పల్లె నుంచి కిండర్ పక్కగా లోయలోంచి పోయే కాలిబాట ఒకటుంది. దానికోసం ఏళ్ళ తరబడి పోరాడి 1897లో ప్రజలకు తెరిపించారు. బాటమీద నడవొచ్చు. బాట దిగి కొండమీద అడుగు వేశారో, వేటకావలివాళ్ళు కర్రలతో సిద్ధం. పళ్ళెంలో లడ్డూ పెట్టి, వాసన మాత్రమే చూడమన్నట్టు!

ఇక్కడ బెన్నీ రోత్‌మన్ కథలోకి వస్తాడు. రుమేనియా నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో, మాంచెస్టరులో 1911లో పుట్టాడు. చదువులో చురుకు, స్కాలర్‌షిప్పు కూడా వచ్చింది. కానీ ఇల్లు గడవక చదువు మానేసి, ఒక మోటారు కంపెనీలో ఆ పనీ ఈ పనీ చేసే కుర్రాడుగా చేరాడు. అక్కడా ఇక్కడా దొరికిన విడిభాగాలన్నీ కూడబెట్టి సొంతంగా సైకిలు బిగించుకున్నాడు. ఆ సైకిలు మీద వేల్స్ దాకా పోయి, ఆరు పెన్నీల పటం ఒకటి చేత పట్టుకుని, తన పదహారో పుట్టినరోజున స్నోడన్ శిఖరం మీద ఒక్కడూ నిలుచున్నాడు. పుట్టినరోజుకు కొత్త బట్టలు, పరవాన్నం దొరకని పిల్లవాడు తనకు తానే ఒక కొండను కానుకగా ఇచ్చుకున్నాడన్నమాట!

అప్పటికి కాలం బాగాలేదు. మిల్లులు మూతపడుతున్నాయి. ఎందుకో మనకు కొంత తెలుసు. ప్రపంచమంతటా మాంద్యం ఒకవైపు, మన దేశంలో విదేశీ వస్త్ర బహిష్కారం మరోవైపు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళిన గాంధీజీ, పని కోల్పోయిన ఆ మిల్లు కార్మికులనే చూడాలని లాంకషైరు వెళ్ళారు. తమ పొట్టకొట్టిన మనిషని రాళ్ళు వేస్తారేమోనని కొందరు భయపడ్డారు. కానీ మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు ఆయన చుట్టూ చేరి చప్పట్లు కొడుతూ నవ్వుతున్న ఫొటో ఇప్పటికీ ఉంది. పేదరికానికి పేదరికం అర్థమవుతుంది.

ఆ మరుసటి ఏడు, 1932లో, ఈస్టరు సెలవుల్లో రోత్‌మన్ వాళ్ళ కార్మిక క్రీడా సంఘం కొండల దగ్గర ఒక శిబిరం పెట్టింది. లండన్ నుంచి వచ్చిన స్నేహితులతో నడకకు బయలుదేరితే కావలివాళ్ళు బెదిరించి వెనక్కి పంపేశారు. అయిదారుగుర్ని అయితే తరమగలిగారు గాని, నాలుగైదు వందల మంది వస్తే ఏం చేస్తారు? కుర్రవాళ్ళకు ఆ ఆలోచన వచ్చింది. దొంగచాటుగా కాదు, పత్రికలకు చెప్పి, కరపత్రాలు పంచి మరీ ముహూర్తం పెట్టారు. ఏప్రిల్ 24, ఆదివారం.

పెద్ద నడక సంఘాలవాళ్ళు వద్దన్నారు. "మేం నెమ్మదిగా ప్రభువులతో మాట్లాడుతున్నాం, మీరు చెడగొట్టకండి" అని వాళ్ళ బాధ. 1884 నుంచి పార్లమెంటులో కొండల బిల్లు పెట్టడం, అది వీగిపోవడం, మళ్ళీ పెట్టడం జరుగుతూనే ఉంది. నెమ్మదిగా మాట్లాడుతూ దాదాపు యాభై ఏళ్ళు గడిచాయి. ఇరవయ్యేళ్ళ కుర్రవాడికి యాభై ఏళ్ళంటే రెండున్నర జన్మలు!

ఆ ఉదయం మాంచెస్టరు రైలు స్టేషనులో రోత్‌మన్‌ను ఆపడానికి పోలీసులు కాచుకుని ఉన్నారు. అతడు రైలెక్కితే కదా! స్నేహితుడితో కలిసి సైకిలు తొక్కుకుంటూ హేఫీల్డు చేరిపోయాడు. ఊరి మైదానంలో సభ పెట్టకూడదని నోటీసులు అంటించి ఉన్నాయి. అయితేనేం, పక్కనే పాత రాతి క్వారీలోకి మళ్ళారు. సుమారు నాలుగువందల మంది పోగయ్యారు. మాట్లాడవలసిన మనిషి జనాన్ని చూసి జంకి తప్పుకున్నాడు. రోత్‌మన్ ఒక రాతిగుట్ట మీదికెక్కి తానే మాట్లాడాడు. ఆ తర్వాత అందరూ పాటలు పాడుకుంటూ లోయ బాటమీద బయలుదేరారు. ఒకచోట ఈల వినపడింది. అంతే, బాట దిగి కొండమీదికి ఎక్కడం మొదలుపెట్టారు. ఎదురుగా కొద్దిమంది కావలివాళ్ళు. తోపులాట జరిగింది, ఒక కావలివాడు పడి కాలు బెణికింది. అటు షెఫీల్డు వైపునుంచి ఎక్కి వచ్చిన మరో జట్టు ఎదురైంది. ఒకర్నొకరు కౌగిలించుకోనంత పనిచేసి, అందరూ దిగిపోయారు.

అంతే! అసలు శిఖరందాకా వాళ్ళు వెళ్ళనేలేదు. ఇంతోటి దానికే చరిత్ర గగ్గోలు పెట్టింది. దిగి వచ్చేసరికి హేఫీల్డులో పోలీసులు. ఆరుగురిని పట్టుకున్నారు. నడవడం నేరం కాదని చెప్పాను కదా, అందుకని అల్లరి మూక కేసు పెట్టారు. డెర్బీ కోర్టులో ఆ కేసు విచారణకు నిలుస్తుందని తేల్చిన జ్యూరీ పెద్దలు ఎవరో చూడండి: ఇద్దరు బ్రిగేడియర్ జనరల్సు, ముగ్గురు కల్నల్సు, ఇద్దరు మేజర్లు, ముగ్గురు కెప్టెన్లు, ఇద్దరు పురప్రముఖులు, పదకొండుమంది గ్రామ భూస్వాములు. ఒక్క మిల్లు కార్మికుడు లేడు. మేకపిల్ల కేసు తోడేళ్ళ పంచాయితీకి వెళ్ళినట్టే! రోత్‌మన్ వకీలును పెట్టుకోకుండా తనే వాదించుకున్నాడు. వారమంతా పొగలో చాకిరీ చేసి ఆదివారం కాస్త గాలి కోసం వస్తే, మా ఊరి పక్కనున్న మంచి కొండలన్నీ మూసి ఉన్నాయి, అదీ మా మొర అని చెప్పాడు. అయిదుగురికి రెండు నెలల నుంచి ఆరు నెలల దాకా జైలు. అతనికి నాలుగు నెలలు.

కేసు పెట్టకుండా వదిలేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ గుర్తుండేది కాదేమో. శిక్ష వేసి భూస్వాములే దానికి ప్రచారం చేసిపెట్టారు. అంతకుముందు వద్దన్న పెద్దమనుషులు కూడా కుర్రవాళ్ళకు జైలేమిటని మండిపడ్డారు. ఆ వేసవిలోనే దగ్గరి కనుమలో సుమారు పదివేల మంది సభ జరుపుకున్నారు.

ఒక్క ఆ ఆదివారంతోనే తాళం ఊడిపడిందంటే అతిశయోక్తి. ఇతరులు వేరే తాళపుచెవులతో ఓర్పుగా ప్రయత్నిస్తూనే ఉన్నారు. వాళ్ళలో ఒకావిడ గురించి చెప్పకుండా ఉండలేను. షెఫీల్డులో ఎథెల్ అని సంపన్నుల ఇంటి ఆడపడుచు. పెళ్ళైన కొద్దికాలానికే మొదటి ప్రపంచయుద్ధంలో భర్త పోయాడు. పాతికేళ్ళు కూడా నిండలేదు. దుఃఖంతో కుమిలిపోతున్న పిల్లను ఇంట్లోవాళ్ళు బలవంతాన ఊరిపక్క కొండలమీద నడకకు తీసుకువెళ్ళేవారు. ఆ నడకే ఆమెను మళ్ళీ మనుషుల్లో పడేసింది. తనకు ప్రాణం పోసిన కొండల్ని ఊరు మింగేస్తోందని గ్రహించి, 1924లో వాటి రక్షణకు ఒక సంఘం పెట్టింది. లాంగ్‌షా అనే 747 ఎకరాల కొండభూమిని ఒక ప్రభువు అమ్మకానికి పెడితే, ఇంటింటా చందాలు పోగుచేయించి కొనిపించి, అందరి పరం చేసింది. రోత్‌మన్‌ది తోసుకుపోయే దారి, ఎథెల్‌ది అడిగి సాధించే దారి. రెండూ కావాలి. మన ఇళ్ళలో మాత్రం? ఒక పిల్ల తలుపు తోస్తుంది, ఒక తల్లి లోపలినుంచి గడియ తీస్తుంది. అప్పుడుగాని తలుపు తెరుచుకోదు.

ఇది చదువుతుంటే మన పల్నాడు గుర్తుకు రాకుండా ఉంటుందా? 1882 మద్రాసు అటవీ చట్టంతో మన అడవులకూ కొండలకూ ఇలాగే హద్దురాళ్ళు పడ్డాయి. తమ పక్క అడవిలో తమ పశువులను మేపుకోవడానికి పుల్లరి కట్టమన్నారు. కట్టం పొమ్మన్న కన్నెగంటి హనుమంతు 1922లో తుపాకి గుళ్ళకు బలయ్యాడు. ఆ ఏడే మన్యంలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు మొదలైంది. రెండింటినీ ఒకే గాటను కట్టడం న్యాయం కాదు. అక్కడ అడిగింది గాలి, ఇక్కడ అడిగింది గంజి. అక్కడ జైలుతో పోయింది, ఇక్కడ ప్రాణాలు పోయాయి. కానీ తాళం వేసిన చెయ్యి ఒకటే. ఊరి పక్క కొండ ఊరివాళ్ళది కాదన్న వాదమూ ఒకటే.

ఇంగ్లండులో 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 1951లో ఆ దేశపు మొట్టమొదటి జాతీయ ఉద్యానవనంగా కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్టునే ప్రకటించారు. 1965లో కిండర్ పాదాల దగ్గర మొదలై ఉత్తరంగా నాలుగువందల కిలోమీటర్లకు పైగా సాగే పెన్నైన్ వే అనే నడకదారి తెరిచారు. 1968 చట్టంతో గుర్రాల బాటలమీద సైకిళ్ళకు కూడా హక్కు వచ్చింది. చివరికి 2000 సంవత్సరపు చట్టం కొండలమీద, బీడుల మీద బాట దిగి కూడా నడిచే హక్కునిచ్చింది. అది ఆ ప్రాంతంలో 2004లో అమలుకొచ్చింది. సైకిలు మాత్రం ఇప్పటికీ బాటమీదే ఉండాలి. కొండను జనానికి దగ్గర చేసిన సైకిలుకు కొండమీద ప్రవేశం లేదు. మేనమామను పందిట్లోనే నిలబెట్టి పెళ్ళి జరిపించినట్టుంది కదూ!

2002లో డెబ్భై ఏళ్ళ ఉత్సవం జరిగింది. ఆనాడు కిండర్ యజమాని అయిన డెవన్‌షైరు ప్రభువుగారి మనవడు, అప్పటికి తానూ ముసలి ప్రభువే, ఆ సభకు వచ్చి తన తాతగారు చేసింది తప్పని అందరి ఎదుటా క్షమాపణ చెప్పుకున్నాడు. వినవలసిన వాడు మాత్రం లేడు. బెన్నీ రోత్‌మన్ అంతకు మూడునెలల ముందే, తొంభయ్యేళ్ళ వయసులో, పోయాడు.

ఈ కథలో నన్ను పట్టుకున్నది కొండ కాదు, ఆదివారం. వారానికొక రోజు తనదంటూ ఉండాలనీ, ఆ రోజున ఏ లాభమూ లేని పని ఒకటి చేయాలనీ, అందుకు జైలుకెళ్ళినా ఫరవాలేదనీ ఆ కుర్రవాళ్ళు అనుకున్నారు. ఇంటిపట్టున ఉండే మన ఆడవాళ్ళకు ఆదివారం అంటే ఏమిటి? ఆ రోజు అందరూ ఇంట్లో ఉంటారు గనక పని రెట్టింపు. టిఫిను ఆలస్యం, భోజనం ఆలస్యం, అంట్లు ఎక్కువ. "అలా కాసేపు కొండదాకా నడిచొస్తాను" అని ఒక ఇల్లాలు అందనుకోండి, "ఎందుకూ? అక్కడేముంది?" అంటారు. ఏమీ లేదు. గాలి ఉంది. కిండర్ మీద కూడా అంతే ఉంది.

ఏ ఊళ్ళోనైనా బడికి సైకిలు మీద పోయే ఆడపిల్లల్ని చూస్తే నాకు ఆ గ్యాసు గొట్టాల సైకిలు గుర్తొస్తుంది. వాళ్ళకు ఇంట్లో సైకిలు ఇస్తున్నారు, సంతోషం. ఇల్లు, బడి, మళ్ళీ ఇల్లు అన్న ఆ బాట దిగి, ఒక ఆదివారం నలుగురూ కలిసి ఊరి చివరి కొండదాకా పోయొస్తామంటే "సరే, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి" అనే అమ్మలు ఎంతమంది? ఆ నలుగురితోపాటు "నేనూ వస్తా, ఉండండి" అని చెప్పులు తొడుక్కునే అమ్మలు ఎంతమంది? వంట సంగతి ఎవరైనా అడిగితే, నిన్నటి పులిహోర డబ్బాలో ఉందని చెప్పవచ్చు.